కొండ మలుపులో ముగ్గు

మొగుడికి అబద్ధం చెప్పి ఫ్రీవే ఎక్కడం ఆండాళ్‌కి అదే మొదటిసారి. అబద్ధం కూడా నిఖార్సైన అబద్ధం కాదు, అందులో ముప్పాతిక వంతు నిజమే. శాక్రమెంటోలో సుమతి ఇంట్లో శుక్రవారం వరలక్ష్మీ వ్రతం ఉన్న మాట నిజం. దానికి ఫ్రీమాంట్ నుంచి ఆండాళ్ ఒక్కతే కారు నడుపుకుంటూ వెళ్తున్న మాట నిజం. రాత్రికి అక్కడే పడుకుని శనివారం సాయంత్రానికి ఇల్లు చేరతానన్నదీ నిజమే. శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తుందో మాత్రం ఆమె చెప్పలేదు. కృష్ణమోహన్ అడగనూ లేదు. ఆయన కంప్యూటర్ చిప్పులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. తన బల్ల మీదికి రాని విషయంలో వేలు పెట్టడం ఆఫీసులో మానేసినట్టే ఇంట్లోనూ మానేశాడు.

శనివారం పొద్దున సుమతి కట్టిచ్చిన ఇడ్లీలు, వాయనం శనగలు, పూజలో కట్టుకుని విప్పేసిన ధర్మవరం పట్టుచీర, ముగ్గుకని తను తీసుకెళ్తే సగం కూడా వాడకుండా మిగిలిపోయిన బియ్యప్పిండి సంచి, అన్నీ డిక్కీలో సర్దుకుంది. వీధి చివర ఇంటికి పోయే వైపు తిరగకుండా రెండో వైపు తిరిగింది. అటు వెళ్తే సియెర్రా కొండలు. ఆ కొండల్లో ఒక పాత బంగారు గనుల ఊరు. రోజుకో ఊరు చొప్పున వారం పాటు సాగే సైకిల్ రేసు ఆ రోజు ఆ ఊళ్లో. ఆ రేసులో ఆండాళ్ కూతురు విద్య తొక్కుతోంది.

ఇది ఎనభై ఆరో సంవత్సరం మాట. అప్పట్లో మనవాళ్ల పిల్లలంటే ఒకళ్లు మెడిసిన్, ఒకళ్లు ఇంజనీరింగ్, మరీ పెంకి పిల్లలైతే అకౌంటింగ్. సైకిల్ తొక్కి జీతం తెచ్చుకునే తెలుగు ఆడపిల్ల ఉంటుందని కాలిఫోర్నియాలో ఎవరూ కలలో కూడా అనుకోలేదు. జీతమంటే పెద్ద జీతమేం కాదు. ఒక పళ్లరసాల కంపెనీ కొందరు అమ్మాయిల్ని జట్టుగా పెట్టుకుని, వాళ్ల చొక్కాల మీద తన పేరు అచ్చువేసుకుని, రేసు ఎక్కడుంటే అక్కడికి వ్యానులో తిప్పుతోంది. విద్య ఫార్మసీ చదువు మధ్యలో వదిలేసి అందులో చేరింది. కృష్ణమోహన్ ఒక రోజంతా అరిచాడు, తర్వాత అరవడం మానేశాడు. మనవాళ్లెవరైనా అడిగితే "స్పోర్ట్స్‌లో ఉందండీ" అని, వాళ్లు నోరు తెరిచేలోపు ఇళ్ల ధరల మీదికి మాట మార్చడం నేర్చుకున్నాడు.

ఆండాళ్ బాధ వేరు. కూతురు సైకిల్ తొక్కడం ఆమెకి బాధ కాదు. తను చూడ్డానికి వీల్లేకపోవడం బాధ.

దానికి కారణం శాన్ హోసేలో జరిగిన భాగోతం. కిందటేడు అక్కడ ఊరి మధ్య వీధుల చుట్టూ రేసు పెట్టారు. ఒక మూల మీద ఇంకెవరో పడితే వాళ్ల మీద విద్య పడింది. ఆ రేసుల్లో ఒక పద్ధతి ఉందట: పడ్డవాళ్లు లేచి సైకిల్ పట్టుకుని మరమ్మతు చేసేచోటికి పరిగెత్తుకెళ్తే, తర్వాతి చుట్టులో మళ్లీ గుంపులో కలవనిస్తారు. విద్య లేచింది కూడా. అంతలో ఆండాళ్ కట్టిన తాడు కింద నుంచి దూరి, రోడ్డు మధ్యకి పరిగెత్తి, "అమ్మా, నా తల్లీ" అంటూ పిల్లని వాటేసుకుంది. మోకాలికి పైట చెంగు చుట్టింది. "అమ్మా, వదులు! వదులు!" అని పిల్ల మొత్తుకుంటున్నా వదలలేదు. గుంపు వచ్చింది, వెళ్లిపోయింది. పక్క జట్ల అమ్మాయిలు నవ్వారు. ఫొటోలు తీసేవాడొకడు ఫొటో కూడా తీశాడు.

ఆ సాయంత్రం విద్య ఫోన్ చేసి, ఏడవకుండా, అరవకుండా, చాలా మర్యాదగా చెప్పింది. "అమ్మా, నువ్వు రేసులకి రావద్దు. ప్లీజ్. నువ్వు ఉంటే నేను ఫోకస్ చేయలేను."

అరిచి చెప్పినా బావుండేది. ఆండాళ్‌కి రోషం పొడుచుకొచ్చింది. "సరే. రాను," అంది. ఆ రెండు మాటల తర్వాత ఇంకో మాట అనలేదు. అప్పట్నుంచీ ఆదివారం ఆదివారం ఏదో ఒక మోటెల్ నుంచి విద్య ఫోన్ చేస్తుంది, ఆండాళ్ ఏం తిన్నావని అడుగుతుంది, విద్య పాస్తా అంటుంది. అక్కడ ఎండగా ఉందా అని ఆండాళ్, ఉందని విద్య. అంతే. పెట్టేశాక ఆండాళ్ కాసేపు ఫోను పక్కనే కూచుని, ఇంకేమైనా అడగాల్సిందేమో అనుకుంటుంది.

ఆమెకి కావలసింది పెద్దదేమీ కాదు. పిల్లని ఒక్కసారి కళ్లారా చూడాలి. అమ్మ వచ్చిందని పిల్లకి తెలియాలి. వచ్చింది, దగ్గరికి పోలేదు, ముట్టుకోలేదు, పరువు తీయలేదు, బుద్ధిగా ఒక పక్కన నిలబడి వెళ్లిపోయింది అని తెలియాలి. రావద్దన్న మనిషికి కోపం రాకుండా, వచ్చినట్టు మాత్రం తెలిసేదెలాగో ఆ కొండ ఎక్కేదాకా ఆమెకి తోచలేదు.

ఊరి బయటే కార్లు ఆపేశారు. చేతిసంచితో ఆండాళ్ మిగతావాళ్లతో పాటు కొండ రోడ్డు మీద నడిచింది. వెంకటగిరి చీర, దాని మీద విద్య హైస్కూల్లో వదిలేసిన నీలం విండ్‌బ్రేకర్, కాళ్లకి కాన్వాస్ బూట్లు. చూసినవాళ్లు చూశారు, నవ్వినవాళ్లు పలకరింపుగానే నవ్వారు. అందరూ జతలు జతలుగానో, పిల్లాజెల్లాతోనో ఉన్నారు. మొగుళ్లు ఐసు పెట్టెలు మోస్తున్నారు, పెళ్లాలు దుప్పట్లు పరుస్తున్నారు. ఇంతమంది మనుషుల్లో తనతో "ఎండ ఎక్కువగా ఉంది కదూ" అనడానికి కూడా ఒక్కరు లేరు. పదహారేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నా, ఎవరో ఒకరి పెళ్లామో ఎవరో ఒకరి తల్లో కాకుండా ఆండాళ్ ఒక్కతే ఎక్కడికైనా వెళ్లడం ఇదే మొదటిసారి. ఆ సంగతి అప్పుడే తట్టి, వెనక్కి వెళ్లిపోదామా అనిపించింది.

రోడ్డు ఒకచోట పూర్తిగా వెనక్కి మెలి తిరుగుతుంది. ఆ మలుపు దగ్గర పెద్ద ఆకుపచ్చ గొడుగు పాతి, దాని కింద రెండు మడత కుర్చీలు వేసుకుని ఒక ముసలాయన కూచున్నాడు. రెండో కుర్చీ ఖాళీ.

"కూచోండి. ఎవరైనా వస్తారేమోనని ప్రతి ఏడూ రెండు తెస్తాను. ఎవరూ రారు," అన్నాడు.

ఆయన పేరు వాల్ట్. ఆ ఊళ్లోనే పళ్ల డాక్టరుగా చేసి మానేశాడట. ఆండాళ్ తన ఇంగ్లీషులో తన కూతురు రేసులో ఉందని చెప్పేసరికి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్లుగా వస్తున్నా తొక్కేవాళ్ల తల్లిని ఎప్పుడూ కలవలేదన్నాడు. ఆండాళ్‌కి ఇడ్లీ పెట్టాలనిపించి పెట్టింది. ఆయన దాన్ని కేకు అనుకుని, దాని మీద పీచు పళ్ల జామ్ రాసుకుని తిని, చాలా బావుందన్నాడు.

"ముందు ఆడవాళ్ల రేసు. ఇలా పైకెళ్లి, చెరువు చుట్టూ తిరిగి, మళ్లీ ఇదే దారిన దిగుతారు. ఇక్కడ కూచుంటే రెండుసార్లు కనిపిస్తారు. అందుకే నేను ఈ మలుపు వదలను."

రెండుసార్లు! ఆండాళ్ మనసులో గబగబా లెక్కలు వేసుకుంది. ఒకసారి దాక్కోవచ్చు, ఒకసారి కనపడొచ్చు.

అప్పుడు చూసింది, కొందరు రోడ్డు మీద కూచుని రాస్తున్నారు. తెల్ల పెయింటుతో, సుద్దలతో, తమకిష్టమైన వాళ్ల పేర్లు రోడ్డు అడ్డంగా ఇంతింత అక్షరాలు. అలా రాయొచ్చా అని వాల్ట్‌ని అడిగింది. తొక్కేవాళ్లకి అదే బలం అన్నాడాయన, కొండెక్కేటప్పుడు తల దించుకునే ఉంటారు కనక వాళ్లకి కనిపించేది రోడ్డొక్కటే.

ఆండాళ్ కారు దాకా దిగి వెళ్లి బియ్యప్పిండి సంచి పట్టుకొచ్చింది.

ఫ్రీమాంట్‌లో ఇంటి ముందు సిమెంటు పాలిపోయి ఉంటుంది, దాని మీద ఏం వేసినా ఆనదు. పైగా స్ప్రింక్లర్ తిరిగి తెల్లారేసరికి కడిగేస్తుంది. ఇక్కడ తారు నల్లగా, వెడల్పుగా, కడిగినంత శుభ్రంగా ఉంది. చీర కుచ్చెళ్లు ఎత్తి బొడ్లో దోపుకుని ఆండాళ్ రోడ్డు మీద వంగింది. ముందు చుక్కలు పెట్టింది. వాటి చుట్టూ మెలికలు తిప్పుకుంటూ పోయింది. చేతికి మతిమరుపు లేదు. బొటనవేలూ చూపుడువేలూ మధ్యనుంచి పిండి సన్నగా, తెగకుండా జారుతుంటే ఎక్కడ తిరగాలో చెయ్యే చూసుకుంది. మెలికల మధ్యలో వదిలిన చోట పెద్ద తెలుగు అక్షరాలతో విద్య అని రాసింది. సన్నగా ఉంటే కనపడదని, సంచి చేతుల్లోకి ఎత్తి గీతల మీద మళ్లీ దట్టంగా పోసింది. మలుపు సగం నిండింది.

నడుం నిమిరుకుంటూ తలెత్తేసరికి చుట్టూ జనం. ఒకామె చప్పట్లు కొట్టింది, మిగతావాళ్లు అందుకున్నారు. మధ్యలో ఉన్నదేమిటని అడిగారు. "నా కూతురి పేరు," అంది ఆండాళ్. ఆ మాట ఇంత గట్టిగా ఆమె ఈ మధ్యకాలంలో ఎక్కడా అనలేదు. ఎవరో చల్లటి సోడా చేతిలో పెట్టారు. పొద్దున ఒక్కర్తె ఎక్కొచ్చిన కొండ ఇదేనా అనిపించింది.

ముందు పోలీసు మోటారుసైకిళ్లు వచ్చాయి. తర్వాత ఎర్రజెండా కట్టిన కారు. వాల్ట్ ఆమె మోచెయ్యి తట్టి, "వస్తున్నారు," అన్నాడు.

మలుపు కింద రంగుల గుంపు కనిపించింది. ఎక్కుడు కనక మెల్లగా వస్తున్నారు. ఊపిరి తీసే చప్పుడు, గొలుసుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ముందు వరసలోనే నారింజరంగు చొక్కా, శిరస్త్రాణం కింద నుంచి వీపు మీద ఊగే జడ. బక్కచిక్కిపోయింది. మెడ నరాలు తేలాయి. ఎప్పుడు నల్లబడిందో ఎండకి ఇంత నల్లబడింది. ఆండాళ్ గొంతులోకి "తల్లీ" అన్న మాట వచ్చేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

విద్య తల దించుకునే వచ్చి ముగ్గు మీదికి రాగానే ఒక్కసారి తలెత్తింది. కుడిపక్క చూసింది. ఎడంపక్క చూసింది. వెతుకుతోంది.

ఇన్నాళ్లూ ఆండాళ్ ఎదురుచూసింది ఆ చూపు కోసమే. తీరా అది వచ్చేసరికి "నువ్వు ఉంటే ఫోకస్ చేయలేను" అన్న మాట చెవిలో మోగింది. ఆలోచించే వ్యవధి లేదు. పక్కనున్న గొడుగు వంచి, దాని వెనక ముడుచుకుని కూచుంది.

"ఏం చేస్తున్నారు? మీ కోసమే చూస్తోంది!" అన్నాడు వాల్ట్.

"నేను రాకూడదు," అంది ఆండాళ్ గొడుగు వెనక నుంచి.

లేచేసరికి గుంపు పై మలుపు తిరిగిపోయింది. జట్ల కార్లు వెళ్లాయి. అన్నిటికన్నా చివర, తొక్కలేక ఆగిపోయినవాళ్లని ఎక్కించుకునే వ్యాను, అందర్నీ ఊడ్చుకెళ్తుందన్న గుర్తుగా వెనక చీపురు కట్టుకుని, బద్ధకంగా వెళ్లింది. ఆండాళ్ తనని తాను తిట్టుకుంది. దొంగతనం చేసినట్టు దాక్కోవడమేమిటి? పిల్ల ముగ్గు చూసి మొహం చిట్లించలేదు కదా, వెతికింది కదా. దిగేటప్పుడు దాక్కోనని ఒట్టేసుకుంది. రోడ్డు అంచున నిటారుగా నిలబడుతుంది. చెయ్యి కూడా ఊపదు. ఉత్తినే నిలబడుతుంది, పిల్ల చూసుకుంటుంది.

కొండల మీద మబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఉన్నట్టుండి చల్లగాలి కొట్టింది. వెంటనే చినుకులు, ఆ వెంటనే కుండపోత. అందరూ దుప్పట్లు నెత్తిన కప్పుకుని చెట్లకిందికి పరిగెత్తారు. ఆండాళ్, వాల్ట్ గొడుగు కింద ఇరుక్కుని కూచున్నారు. ఆయన ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకున్నాడు.

"చెరువు దాటారు. ముందు ఐదుగురు. అందులో మీ అమ్మాయి ఉంది!" అన్నాడు. కాసేపాగి, "పైన రోడ్డు జారుతోందట, ఇద్దరు పడ్డారు," అన్నాడు.

వాన వెలిసింది. అనుకున్న ప్రకారం ముందుకెళ్లి నిలబడదామని ఆండాళ్ రోడ్డు మీద అడుగు వేసింది. కాలు సర్రున జారి మోకాళ్ల మీద కూలబడింది. చేతులకి జిగురుగా, పిల్లలకి కాచే జావలా తగిలింది. ముగ్గు గీతలన్నీ కరిగి, ఒకదాంట్లో ఒకటి కలిసి, మలుపు సగం మేర తెల్లగా పరుచుకున్నాయి. ఆండాళ్ దాని వంక చూసింది. పైనుంచి వచ్చే రోడ్డు వంక చూసింది.

"ఇది సుద్ద కాదా?" అన్నాడు వాల్ట్.

"పిండి. బియ్యప్పిండి."

ఆయన ఐసు పెట్టె ఎత్తి నీళ్లు కుమ్మరించాడు. దాంతో జావ ఇంకా పలచనై ఇంకాస్త దూరం పాకింది. ఆయన తువ్వాలు తీసి ఒక పక్కనుంచి తుడవడం మొదలుపెట్టాడు. పొడిబట్ట కావాలి, చాలా కావాలి. ఆండాళ్ కొండ దిగి కారు దాకా పరిగెత్తింది. డిక్కీలో ఉన్నది పట్టుచీరే. నిన్న అమ్మవారి ముందు కట్టుకున్న చీర. తీసుకుని మళ్లీ పైకి పరిగెత్తింది. ఎలా పరిగెత్తిందో తర్వాత ఆమెకే తెలియలేదు.

చీర ఉండచుట్టి, మోకాళ్ల మీద కూచుని, రెండు చేతులతో రోడ్డు రుద్దింది. జరీ తారుకి పట్టుకుని చిరిగింది. వేసిన ముగ్గు తన చేత్తో తనే చెరపడం, అందులోనూ పిల్ల పేరు. "అపచారం, తల్లీ, క్షమించు," అని వరలక్ష్మికి దండం పెట్టుకుంటూనే రుద్దింది. "నా పిల్ల పడకుండా చూడు, నాకేం చేసినా ఫర్వాలేదు." మెలికలు పోయాయి. చుక్కలు పోయాయి. దట్టంగా పోసిన అక్షరాలు మాత్రం ముద్దకట్టి తొందరగా వదల్లేదు.

పోలీసు మోటారుసైకిలు వచ్చేసింది. "రోడ్డు మీంచి లేవండి!" అని కేక. "ఒక్క నిమిషం నాయనా, ఒక్క నిమిషం," అని ఆండాళ్ తెలుగులోనే అరిచింది. వాల్ట్ ఆమె రెక్క పట్టుకుని అంచుకి లాగాడు. అంచునుంచే వంగి ఆమె ఇంకా తుడుస్తోంది. వెనక నుంచి తడి బ్రేకులు కీచుమన్న చప్పుడు వినపడింది. ఆమె తిరిగి చూడలేదు. ఆఖరి అక్షరం మిగిలి ఉంది. వీపు మీద నీళ్లు చింది పడ్డాయి, ఒకటి, రెండు, మరికొన్ని చక్రాలు సర్రుమని పోయాయి. ఎవరూ పడ్డ చప్పుడు లేదు.

తలెత్తి చూసేసరికి రోడ్డు ఖాళీ.

"వెళ్లిపోయిందా?"

"వెళ్లిపోయింది. చక్కగా తిరిగింది మలుపు."

ఆండాళ్ అక్కడే రోడ్డు అంచున కూలబడింది. పడలేదు. అంతే చాలు. కానీ రెండోసారి కూడా చూడలేకపోయింది.

వాల్ట్ ఆమె మొహం చూసి పక్కన గొంతుక్కూచున్నాడు. "మీ కూతురు మిమ్మల్ని చూసింది, తెలుసా? తల మొత్తం తిప్పి మరీ చూసింది."

"నన్నా? నిజంగా?"

"మిమ్మల్నే."

ఆండాళ్ రెండు చేతుల్లో మొహం పెట్టుకుని నవ్వింది, ఏడ్చింది. మొహమంతా పిండి అయింది. రేసు ముగిసేచోటికి వెళదాం రమ్మని వాల్ట్ అంటే వద్దంది. పిలవకుండా దగ్గరికి వెళ్లకూడదనుకుంది, ఆ మాట నిలబెట్టుకుంది. ఫ్రీమాంట్ దాకా కిటికీ అద్దం దించి నడిపింది. దారిలో కృష్ణమోహన్‌కి ఇష్టమని ఒక బుట్ట పీచు పళ్లు కొంది. చూసింది. పిల్ల చూసింది. ఎన్నిసార్లు అనుకున్నా తనివి తీరలేదు.

"వ్రతం బాగా జరిగిందా?" అన్నాడు కృష్ణమోహన్.

"బ్రహ్మాండంగా జరిగిందండీ," అంది.

ఆదివారం ఫోన్ రాలేదు.

పొద్దుటి నుంచీ ఆండాళ్ ఫోన్ ఉన్న గది దాటలేదు. ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో అన్నీ సిద్ధం చేసుకుంది. విద్య ముందు అడిగితేనే తను వచ్చిన సంగతి ఎత్తాలి. అలసిపోయి ఉంటుందిలే అనుకుంది. కొండల్లో ఉంటే ఫోన్ దొరకదులే అనుకుంది. సాయంత్రం కృష్ణమోహన్ టీవీ ముందునుంచి లేచొచ్చి, రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకుని, పనిచేస్తోందో లేదో చూసి మళ్లీ పెట్టేశాడు. "కంపెనీ వాళ్లు లైన్లు సరిగ్గా ఉంచి చావరు," అన్నాడు. ఈయన కూడా ఎదురుచూస్తాడన్నమాట అని ఆండాళ్ ఆశ్చర్యపోయింది. అలా ఇద్దరూ ఒకే ఫోన్ కోసం ఒకే ఇంట్లో విడివిడిగా కూచున్నారు.

సోమవారం కూడా రాలేదు. మంగళవారం మధ్యాహ్నం, కృష్ణమోహన్ ఆఫీసులో ఉండగా మోగింది.

"విద్యా! ఎక్కడున్నావే? ఆదివారం ఎందుకు చేయలేదు?"

"రీనోలో. బస్ స్టేషన్."

"బస్ స్టేషనేమిటి? రేసు?"

"నేను రేస్‌లో లేను అమ్మా. ఆదివారం స్టార్ట్ చేయలేదు. టీమ్ వెళ్లిపోయింది."

"పడ్డావా? దెబ్బ తగిలిందా? నిజం చెప్పు."

"పడలేదు." అని, "శనివారం నువ్వు వచ్చావు కదా?" అంది.

ఆండాళ్ మొహం విప్పారింది. "చూశావు కదూ! వాల్ట్ అని ఒకాయన, ఆయన చెప్పాడే, నువ్వు చూశావని. నేను దగ్గరికి రాలేదు చూడు. ఒక్క మాట కూడా..."

"పైకి వెళ్లేటప్పుడు ముగ్గు చూసాను," అంది విద్య. ముందుగా పాఠం చదువుకుని వచ్చినట్టు ఆగి ఆగి చెబుతోంది. "నా పేరు చూసాను. నాకు తెలుగులో అదొక్కటే చదవడం వచ్చు. నువ్వు అంబ్రెల్లా వెనక హైడ్ చేశావు. నీ చీర కనిపించింది. కోపం ఇంకా ఉంది అనుకున్నా. బట్ ముగ్గు వేశావు కదా, సో పర్వాలేదు అనుకున్నా. ఐ వాజ్ సో హ్యాపీ అమ్మా. లేక్ దాకా నేనే ఫ్రంట్‌లో ఉన్నా. దిగేటప్పుడు నువ్వు బయటికి వస్తావు, నేను నీకు వేవ్ చేస్తాను అనుకున్నా."

ఆండాళ్ రిసీవర్ రెండు చేతులతో పట్టుకుంది.

"దిగేటప్పుడు చూస్తే నువ్వు నా పేరు తుడిచేస్తున్నావు. నీ సిల్క్ చీర పెట్టి, అంత గట్టిగా. నేను పక్కనుంచి వెళ్తున్నా నువ్వు నా వైపు తిరగలేదు. అంత కోపమా అమ్మా నా మీద? దానికోసమే అంత దూరం వచ్చావా? తర్వాత నేను తొక్కలేకపోయాను. అందరూ నన్ను పాస్ చేశారు. నెక్స్ట్ డే బైక్ ఎక్కాలనిపించలేదు."

"కాదే," అంది ఆండాళ్. వాల్ట్ చెప్పింది, దారి పొడుగునా తను మురిసిపోయింది, పీచు పళ్ల బుట్ట, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పిల్ల చూడాలని తను వెళ్లింది. పిల్ల చూసింది ఇదీ. "కాదమ్మా. వాన పడిందే. అది సుద్ద కాదు, బియ్యప్పిండి. తడిసి జావ అయిపోయింది. నేను కాలు పెడితేనే జారి పడ్డాను. నువ్వు ఆ మలుపులో అంత జోరుగా వస్తావు కదా, జారి పడతావని... నీ పేరు దట్టంగా పోశాను కనక అది ఆఖరిదాకా వదల్లేదు. తిరిగి చూస్తే తుడవడం ఆగిపోతుందని తిరగలేదే. అందుకు తిరగలేదు."

అవతల బస్ స్టేషన్ గోల మాత్రం వినిపిస్తోంది.

"వానలో తొక్కడం మాకు తెలుసు అమ్మా," అంది విద్య చివరికి, చాలా నెమ్మదిగా. "రోడ్ మీద పెయింట్ ఉంటుంది, ఆయిల్ ఉంటుంది, అన్నీ ఉంటాయి. చూసి పక్కనుంచి వెళ్తాం. అక్కడ ముగ్గు ఉందని నాకు తెలుసు కదా. నేను అవుట్‌సైడ్ నుంచే వచ్చాను. నువ్వు తుడవకపోయినా పడేదాన్ని కాదు."

"నీకు తెలుసమ్మా," అంది ఆండాళ్. "నాకు తెలియదు కదే."

విద్య ఏడవడం వినపడింది. చిన్నప్పుడు ఏడ్చినట్టే, ముక్కు ఎగబీలుస్తూ. ఆండాళ్ ఊరుకోమనలేదు. ఊరుకుంటే ఫోన్ పెట్టేస్తుందేమోనని భయం వేసింది. అవతల ఎవరో మైకులో బస్సు పేరు చదువుతున్నారు. అది ఇంటి వైపు వచ్చే బస్సో, ఇంకెటు వెళ్లే బస్సో ఆండాళ్‌కి సరిగ్గా వినపడలేదు, అడగడానికి ధైర్యం చాలలేదు.